సుక్కమ్మ తెచ్చిన కొర్రమీన్లు

కోదాడ చేపల మార్కెట్‌లో సుక్కమ్మ నోటికి జడవని వాళ్లు లేరు. మెత్తబడ్డ చేప కంటబడితే చాలు, అది పక్కామె గంపలోదైనా సరే, "గీ కుళ్లినదాన్ని ఎవల నోట్లె పెడ్తవే?" అని తగులుకునేది. మొగుడు పోయాక ఆ నోటితోనే నెగ్గుకొచ్చింది, కొడుకు ఉపేందర్‌ను ఐటీఐ చదివించింది. అలాంటి మనిషి ఆ మంగళవారం పొద్దున మందుల కంపెనీ గేటు ముందు చేపల డ్రమ్ముతో ఆటో దిగి, ఎవరి కంటా పడకుండా తల వంచుకుని లోపలికి నడిచింది.

సంగతేమిటంటే, కొన్నేళ్ల కిందట ఆ కంపెనీ ప్రభుత్వంతో ఒక ఒప్పందం చేసుకుంది. ఎవరి బలవంతమూ లేదట. వాగులోకి వదిలే విషపు నీళ్లను తనంతట తానే తగ్గించుకుంటుందట. బదులుగా కాలుష్య మండలి వాళ్లు మాటిమాటికీ తనిఖీకి రారు. కొత్తల్లుడికి కూడా ఇంత మర్యాద జరగదు! ఇప్పుడు ఆ గడువు తీరింది. మండలి ఇంజినీరు శ్రీలత వచ్చి, శుద్ధి చేసిన నీళ్ల తొట్టిని చూసి, ఒప్పందాన్ని పొడిగించాలి. తొట్టిలో చేపలు ఈదుతుంటే ఆమె ఇంకేమీ అడగదని మేనేజర్ సంజీవ్ ఎత్తు వేశాడు.

ముందు బొచ్చె చేపలు వేయించాడు. పొద్దుగూకే లోపే అన్నీ వెల్లకిలా తేలాయి. అప్పుడు కొర్రమీన్లు కావాలని కబురు పెట్టాడు. కొర్రమీను మొండి ఘటం. పైకొచ్చి గాలి పీల్చుకుని ఎంత పాడు నీళ్లలోనైనా నెట్టుకొస్తుంది. ఈ సంగతి మేనేజర్‌కూ తెలుసు, సుక్కమ్మకూ తెలుసు. ఉపేందర్ ఆ తొట్టి దగ్గరే కాంట్రాక్టు పనివాడు. ఈ గండం గట్టెక్కితే పర్మనెంటు చేస్తామన్నారు.

"జర తెచ్చియ్యే అమ్మా. ఒక్క పూట సూపెట్టుడే గద," అని బతిమాలాడు కొడుకు. సూపెట్టుడే కదా అని ఆమె కూడా సర్ది చెప్పుకుంది.

సుక్కమ్మ చేపలను తొట్టిలో వదిలిన గంటకు శ్రీలత వచ్చింది. తొట్టిలో కొర్రమీన్లు గిరగిరా తిరుగుతున్నాయి. ఫోటోలు తీశారు. సంజీవ్ కాగితాలు ముందు పెట్టి పెన్ను అందించాడు. సుక్కమ్మ గోడవారగా నిలబడి, ఎప్పుడెప్పుడు సంతకం పడుతుందా, ఎప్పుడు బయటపడదామా అని చూస్తోంది.

శ్రీలత పెన్ను మూత తీసి నవ్వింది. "ఇంత మంచి కొర్రమీన్లు వృథా చేయడమెందుకు సార్? పక్కనే గురుకులం ఉంది కదా, పిల్లలకు పంపిద్దాం. పాపం, వాళ్లకు ఇలాంటివి ఎప్పుడు దొరుకుతాయి?"

ఒక్క క్షణం సంజీవ్ ముఖంలో నెత్తురు లేదు. అంతలోనే తేరుకున్నాడు. "తప్పకుండా మేడం! సుక్కమ్మా, పట్టి కోసియ్యి."

ఓరి దేవుడా! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేపలమ్మే మనిషి, చేపను తింటారన్న సంగతే మరిచిపోయింది!

కత్తిపీట వేసుకుని కూర్చుంది. మొదటి చేప చేతిలో కొట్టుకుంటోంది. ఎదురుగా ఉపేందర్, వద్దమ్మా, మాట్లాడకు అన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. కొడుకు బతుకంతా ఆ తల ఊపులో ఉంది. చేపను కత్తికి ఆనించింది. మళ్లీ వెనక్కి తీసింది.

"మేడం," అంది చివరికి. "ముందుగాల ఒక తునక ఏంచి మేనేజర్ సారుకు పెడ్త. సారు తిన్నంక పిల్లలకు పంపుండ్రి."

"మంగళవారం నేను నీసు ముట్టను," అన్నాడు సంజీవ్ చటుక్కున.

శ్రీలత అతన్నీ, సుక్కమ్మనూ మార్చి మార్చి చూసింది. "సరే సార్, రేపు బుధవారమే కదా. ఫ్రిజ్‌లో పెట్టించండి. రేపు మనిద్దరం ఇక్కడే భోంచేద్దాం."

సంజీవ్ చూపు తిప్పుకున్నాడు. శ్రీలత పెన్నుకు మూత పెట్టింది. డ్రైవర్‌ను పిలిచి, తొట్టి నీళ్లు పట్టడానికి సీసాలు తెమ్మంది.

మధ్యాహ్నానికి ఉపేందర్ మెడలో కార్డు లాగేసుకుని బయటికి పంపారు. గేటు బయట ఖాళీ డ్రమ్ము పక్కన కూర్చున్న తల్లి మీద విరుచుకుపడ్డాడు.

"నీకేం పోయేకాలమే? ఎవలో పిల్లల కోసం నా నోటికాడి కూడు తీస్తవా? ఆ నీళ్లు గంత ఇసం గాదు. రోజూ ఆ తొట్టిల దిగి కడుగుతున్న, నాకేమైంది?"

సుక్కమ్మ అతని చెయ్యి పట్టుకుని లాగింది. అతను విదిలించుకోబోయాడు. ఆమె వదల్లేదు. అరచెయ్యి తిప్పి చూసింది. వేళ్ల సందుల్లో తోలు ఊడి, పచ్చి మాంసం కనబడుతోంది.

"ఎప్పటిసంది?" అంది.

"చలికాలం సంది. గ్లౌజులు అందరికి సాలవన్నరు."

అన్ని నెలలూ ఆ చేతికే అన్నం వడ్డించింది తను. ఒక్కనాడూ చూడలేదు. సుక్కమ్మ ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని బావురుమంది. "చేపనైతే తిప్పి తిప్పి సూస్తగదరా బిడ్డా," అంటూ ఏడుస్తూనే ఉంది.