కంప్యూటర్లో లేని కార్యం

కంప్యూటర్ అంటే నాకు కోపం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఏడో తరగతిలో బడి మానేసినవాడు కంప్యూటర్ ఊసెత్తితే, పాపం తెలియక తిడుతున్నాడు అనేవాళ్ళు ఎక్కువ. నేను తెలిసే తిడుతున్నాను. తిట్టేది కూడా దాన్ని కాదు, దాని వెనక దాక్కున్న మనిషిని.

రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజుల్లో తిరుమలగిరిలో ఒక టెంట్ హౌస్‌లో పనిచేసేవాణ్ణి. షామియానాలు, కుర్చీలు, వంటగిన్నెలు అద్దెకిచ్చే షాపు. బండెక్కించడం, దింపించడం, మళ్ళీ లెక్కగా వెనక్కి తేవడం నా పని. మా ఓనరు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ వ్యాపారం పెట్టి నిలబెట్టినవాడు. షాపు మొత్తం ఆయన తలకాయలోనే ఉండేది. ఏ సామాను ఎక్కడుంది, ఎవరికి ఏ రోజు ఒప్పుకున్నాం, అన్నీ అక్కడే. ఆ తలకాయ పెళ్ళిళ్ళ సీజనులో అప్పుడప్పుడూ పొంగిపోయేది. ఒకసారి ఒకే సింహాసనాల జతను రెండు పెళ్ళిళ్ళకు ఒప్పుకున్నాడు. రెండో పెళ్ళికొడుకు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఆ పెళ్ళి ఫొటోలన్నిటిలో అతను కెమెరా వంక కాదు, పక్కన నిలబడ్డ నా వంకే చూస్తుంటాడట.

అందుకే కంప్యూటర్ వచ్చింది. రావడం మంచిదే అయింది. ఒకసారి బుక్ చేసిన సామాను రెండోసారి బుక్ కాదు. ఏ గుండిగ ఎవరింట్లో ఉండిపోయిందో తెర మీద కనిపిస్తుంది. అంతకుముందు వాళ్ళు ఇచ్చేశామంటే, మేము రాలేదంటే, చివరికి గిన్నె సాక్ష్యం చెప్పాల్సి వచ్చేది. ఆ గొడవలన్నీ తగ్గాయి.

తప్పంతా దాన్ని పెట్టిన రోజు జరిగింది. ఓనరు మంచి ముహూర్తం చూసి, కొబ్బరికాయ కొట్టి, తెరకు పసుపూ కుంకుమా పెట్టాడు. అమీర్‌పేట నుంచి వచ్చిన సాఫ్ట్‌వేరాయన కూర్చొని అడిగాడు.

“మీ దగ్గర ఏమేం ఫంక్షన్లు ఉంటాయి సార్? చెప్పండి, అన్నీ పెట్టేస్తా. తర్వాత వాటిలోంచే ఎంచుకోవాలి.”

ఓనరు కళ్ళు మూసుకొని మంత్రాలు చదివినట్టు చదివాడు. “పెళ్ళి. రిసెప్షను. నిశ్చితార్థం. ఓణీల ఫంక్షను. బారసాల. గృహప్రవేశం. బర్త్‌డే. వ్రతం కూడా పెట్టవయ్యా.”

“ఇంకేమన్నా ఉన్నాయా సార్?”

“సావులు,” అన్నాను గుమ్మం దగ్గర నుంచి.

“ఛీ ఛీ! బుద్ధుందా నీకు? శుభమా అని మిషను పెడుతుంటే ఆ పాడు మాటేవిటి?”

“అంటే ఇగ ఎవ్వరు సావరా సార్? గిదేదో మంచి మిషనే తెచ్చిన్రు.”

సాఫ్ట్‌వేరాయన నవ్వాడు. కంప్యూటర్ పనికి కొత్తగా చేరిన అమ్మాయి నవ్వు ఆపుకుంటూ, తెర మీద కుంకుమ అక్షరాలకు అడ్డమొచ్చిన చోట మాత్రం తుడిచింది. ఓనరు నవ్వలేదు. ఆ మాట జాబితాలోకి ఎక్కలేదు.

నేను అన్నది వట్టి హాస్యం కాదు. మా షాపుకొక పద్ధతి ఉండేది. పెట్టింది ఆ ఓనరే. చావు ఇంటి నుంచి ఎవరొచ్చినా బుకింగ్ అడగం, అడ్వాన్సు అడగం. ఇల్లెక్కడ అని మాత్రం అడుగుతాం. వచ్చిన మనిషి ఇల్లు చేరేలోపు మా బండి చేరాలి. తిరుమలగిరి నుంచి బొల్లారం దాకా మా షాపును జనం తలచుకునేది సింహాసనాల కోసం కాదు, దీని కోసం.

కంప్యూటర్ వచ్చాక ఓనరు రెండు రూళ్ళు పెట్టించాడు. కంప్యూటర్ స్లిప్పు లేకుండా సామాను గోడౌను గేటు దాటకూడదు. ఆ రోజుకారోజు బుకింగ్ చేయాలంటే ఆయన పాస్‌వర్డ్ కొట్టాలి. రెండూ మంచి రూళ్ళే, బతికున్నవాళ్ళకు.

ఆ ఎండాకాలం ఒక ఉదయం ఒకాయన స్కూటరు దిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బొల్లారంలో ఒక రిటైర్డ్ మాస్టారి అల్లుడు.

“మామగారు తెల్లవారుజామున పోయారండి. రెండింటికి ఇంటి దగ్గర ప్రార్థన చేసి సమాధుల తోటకు తీసుకెళ్తాం. జనం అప్పుడే వస్తున్నారు. ఇంటి ముందు నీడ లేదు. ఒక షామియానా, కొన్ని కుర్చీలు...”

“మీరు పోండి సార్, మీ ఎన్కనే బండొస్తది,” అన్నాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకొని వెళ్ళాడు.

లోపలికెళ్ళి చెప్తే కంప్యూటర్ అమ్మాయి చేతులు మీటల మీదే ఆగిపోయాయి. ఆమెదీ బొల్లారమే.

“అయ్యో, మా చర్చి సారే అన్నా! మొన్న ఆదివారం సుత మా వెనక బెంచీల కూసున్నడు.”

కళ్ళు తుడుచుకొని కొట్టింది. ఈ రోజు తేదీ వేయగానే కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగింది. ఓనరేమో బోయిన్‌పల్లిలో ఒక పెద్ద పెళ్ళి దగ్గరున్నాడు. ఫోను చేశాను.

“పాస్‌వర్డ్ ఫోన్లో చెప్తారటయ్యా ఎక్కడైనా?”

“సార్, సావింటికి సార్.”

“తెలుసయ్యా. కంప్యూటర్ ఒప్పుకోవట్లేదని నువ్వే అంటున్నావు. నన్నేం చేయమంటావు? సాయంత్రం వస్తాగా, చూద్దాం.”

“సాయంత్రం దాకా ఆగమని ఎవరికి చెప్పాలె సార్? శవానికా?”

ఫోను పెట్టేశాడు. ఇన్నేళ్ళయినా ఆ మాట తలచుకుంటే చెవులు వేడెక్కుతాయి. కంప్యూటర్ ఒప్పుకోవట్లేదట! అదేమన్నా అలిగిన మేనమామా? దానికి రూలు పెట్టింది ఎవరు, తాళం మింగి కూర్చున్నది ఎవరు? పాత రోజుల్లో ఇవ్వనంటే ఎదురుగా నిలబడి మన మొహం చూసి అనాలి. సిగ్గు అడ్డమొచ్చేది. ఇప్పుడు ఆ సిగ్గు పడాల్సిన పని కూడా తప్పించే యంత్రం ఒకటి దొరికింది.

స్లిప్పు లేకుండా గేటు తీయమని వాచ్‌మన్‌ను అడిగాను. “తీస్త, రేపటి సంది నువ్వు నా పిల్లలకు అన్నం పెడ్తవా?” అన్నాడు. అతన్ని అనడానికి ఏముంది. స్కూటరు తీసుకొని బోయిన్‌పల్లి పోయాను. కూరగాయల లారీల వెనక ఇరుక్కున్నాను. లారీలవాళ్ళను తిట్టాను, వాళ్ళు నన్ను తిట్టారు.

ఫంక్షన్ హాల్లో ఓనరు వంటల దగ్గర నిలబడి మజ్జిగ తాగుతున్నాడు. నన్ను చూసి కంగారుపడ్డాడు.

“ఏవయ్యా, ఇంతదూరం వచ్చావా?”

“మీ పాస్‌వర్డ్ ఫోన్ల రాదంట కదా సార్. నా చెవుల ఎక్కించుకొని పోదామని వచ్చిన.”

అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గర నోరు పెట్టి, పెళ్ళి సన్నాయి మధ్యలో, ఉపదేశం చేసినట్టు చెప్పాడు. జీవితంలో నాకు అందిన ఏకైక ఉపదేశం అది.

ఒంటిగంట దాటాక షాపుకొచ్చి చెప్తే అమ్మాయి పాస్‌వర్డ్ కొట్టింది. తెర మీద ఇంకో గడి తెరుచుకుంది. ఏ ఫంక్షన్? పెళ్ళి, రిసెప్షను, నిశ్చితార్థం. ఏదో ఒకటి ఎంచుకోకపోతే ముందుకు కదలదు.

“అన్నా, సారు సచ్చిపోతే బర్త్‌డే అని ఎట్ల కొట్టాలె?” అంది ఏడుపు గొంతుతో.

“గృహప్రవేశం కొట్టు చెల్లె. సారు కొత్తింటికే పోతున్నడు.”

ఆమె ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే కొట్టింది. స్లిప్పు బయటికొచ్చింది. పైన గృహప్రవేశం అని ఉంది. కింద, మీ ఇంట శుభకార్యంలో మాకు అవకాశమిచ్చినందుకు ధన్యవాదాలు అని ఉంది. అది చూపిస్తే గేటు తెరుచుకుంది. చావుకు తెరుచుకోని గేటు.

మేము వెళ్ళేసరికి ప్రార్థన అయిపోయింది. ఇంటి ముందు ఎండ నిప్పులు కురిపిస్తోంది. పక్కింటివాళ్ళు రెండు దుప్పట్లు కలిపి మేడ మీది నుంచి కట్టిన నీడ శవపెట్టె మీదికి మాత్రమే వచ్చింది. పెద్దవాళ్ళు గోడకు ఆనుకొని, కొంగులు తల మీద కప్పుకొని నిలబడ్డారు. ఒక ముసలాయన గేటు పక్కన కింద కూలబడితే ఇద్దరు విసురుతున్నారు. మాస్టారి భార్య ఇంట్లోంచి తెచ్చిన ఒక్క కుర్చీలో కూర్చొని ఉంది. మావాళ్ళు కర్రలు దింపబోతుంటే అల్లుడు ఎదురొచ్చాడు.

“ఇంక వద్దండి. బయల్దేరుతున్నాం.” కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది.

నా జేబులో స్లిప్పు అలాగే ఉంది. తీయలేదు. పెట్టె ఎత్తేటప్పుడు మావాళ్ళు కూడా భుజం పట్టారు. ఆ రోజు మా షాపు ఆ ఇంటికి ఇచ్చింది అంతే.

తర్వాత ఆ ఇంట్లో ఆదరణ కూడిక, అంటే ఇంటివాళ్ళను ఓదార్చే ప్రార్థన, పెట్టుకున్నారు. ఓనరు అడగకుండానే కుర్చీలు పంపి, నన్ను వెనకాల ఎక్కించుకొని తనే వెళ్ళాడు. అంత చెడ్డమనిషి కాడని చెప్పడానికే ఈ మాట రాస్తున్నాను. మాస్టారి భార్య ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

“అమ్మా, మొన్న మా కంప్యూటర్ వల్ల కొంచెం ఆలస్యం...”

ఆమె ఆయన వంక చూసి నెమ్మదిగా అంది. “పోనివ్వండి బాబూ. మా ఆయన బతికినన్నాళ్ళూ పిల్లల్ని బెంచీ ఎక్కించి నిలబెట్టారు. పోయేటప్పుడు పెద్దవాళ్ళను నిలబెట్టారు. అంతే అనుకుందాం.”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఓనరు అందరికంటే గట్టిగా నవ్వాడు. బరువు దిగిపోయింది ఆయనకు. బయటికొచ్చి స్కూటరు స్టార్టు చేస్తూ, “చూశావా? ఆవిడేమీ అనుకోలేదు. నువ్వే ఊరికే ఇదైపోయావు,” అన్నాడు.

“ఆమె పెద్ద మనసు ఆమెది సార్. అది మీ ఖాతాల ఎట్ల వేసుకుంటరు? మొన్న ఎండకు పడిపోయిన ముసలాయన్ని సుత అడుగుదాం పాండ్రి, ఆయన ఏమనుకున్నడో.”

స్కూటరు ఆగిపోయింది. ఆయన మళ్ళీ కిక్కు కొట్టలేదు. “కంప్యూటర్లో అలాంటి ఇళ్ళకు అడ్వాన్సూ పాస్‌వర్డూ లేకుండా ఇచ్చే దారి ఒకటి పెడితే, రేపు ప్రతివాడూ ఇంట్లో పోయారని చెప్పి పట్టుకెళ్తాడయ్యా.”

“ఇరవై కుర్చీల కోసం కన్నతండ్రిని ఎవడు సార్ సంపుకునేది?”

కూడికలో పాట మొదలైంది. “సరేలేవయ్యా. రేపు సాఫ్ట్‌వేరాయన్ని పిలిపించి ఆ దారేదో పెట్టించు,” అన్నాడు చివరికి.

“రేపెందుకు సార్? ఇయ్యాల రాత్రి ఎవరింట్ల ఏమైతదో మీకు తెలుసా, నాకు తెలుసా?”

విసుక్కున్నాడు, గొణిగాడు, కిక్కు కొట్టాడు. నేను వెనక సీటు మీద ఎక్కి కూర్చొని, ఆయన ఇంటి దారి మలుపు రాగానే భుజం మీద తట్టాను. బండిని సాఫ్ట్‌వేరాయన ఉండే అమీర్‌పేట వైపు తిప్పాడు.