నలభై ఆరేళ్లుగా కింద పడని మనిషి

షెహాతా మాస్టారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. నలభై ఆరేళ్లుగా సైకిలు మీద నుంచి ఒక్కసారి కూడా కింద పడలేదన్న సంగతి చెప్పకుండా ఆయన ఏ మాటా ముగించలేడు. టీ ధర పెరిగిందని మీరంటే, "పెరగనీ, నేను పడ్డానా?" అంటాడు. ఓసారి పరామర్శ పందిట్లో చేదు కాఫీ తాగుతూ, పోయినాయన కొడుకు భుజం మీద చెయ్యి వేసి, "మీ నాన్న దేవుడిలాంటి మనిషి. పాపం, మెట్ల మీద నుంచి పడ్డాడు. అదే నన్ను చూడు," అన్నాడు. పక్కవాళ్లు ఆయన్ని రెక్క పట్టుకుని అవతలికి తీసుకుపోవాల్సి వచ్చింది.

ఈ గొప్ప అందరికంటే ఎక్కువసార్లు విన్నది సౌసన్. కైరోలో ఓ పేట పురపాలక కార్యాలయంలో అర్జీలు తీసుకునే గుమాస్తా ఆమె. ఏడేళ్లుగా ప్రతి ఆదివారం, వారంలో ఆఫీసు తెరిచే మొదటి రోజున, మాస్టారు సైకిలు భుజాన వేసుకుని మూడంతస్తులూ ఎక్కి వచ్చి ఒక అర్జీ ఇస్తాడు. కాలవ వీధిలో సైకిళ్లకు మీటరున్నర దారి గీయించండి. ఆయన అడిగేది అంతే.

"మళ్లీ అదేనా మాస్టారూ?"

"మీరు మళ్లీ అదే జవాబు ఇస్తుంటే నేనేం చెయ్యనమ్మా? కొత్త జవాబివ్వండి, కొత్త అర్జీ రాస్తాను."

"ఆ సైకిలు కింద పెట్టి రావచ్చుగా?"

"పెడితే మీ ఇంజినీరు కారు ఎక్కించేస్తాడు. పోయినేడు ఎక్కించలేదూ? అయినా నేను పడలేదు."

"అప్పుడు మీరు దాని మీద లేరు మాస్టారూ."

"లేకపోయినా పడలేదు."

నవ్వొచ్చినా సౌసన్ నవ్వేది కాదు. ఆ వీధి తలుచుకుంటే ఆమెకు నవ్వు రాదు. కార్లకు చోటు కావాలని రెండు వైపులా చెట్లు కొట్టేశారు, నడిచేవాళ్ల గట్టు చెక్కేశారు. అలా వచ్చిన చోటులో కార్లు వరసగా నిలబెట్టుకున్నారు. రోడ్డు మళ్లీ పాత వెడల్పుకే వచ్చింది, చెట్లు మాత్రం రాలేదు. నాలుగు కిలోమీటర్ల దూరానికి ఆమె రోజూ గంటా పావు వ్యానులో ఇరుక్కుని కూర్చుంటుంది. పైగా మాస్టారికి వెళ్లే జవాబులన్నీ టైపు చేసేది ఆమే. "ఆ వీధిలో సైకిలు తొక్కేవాళ్లే లేరు" అని ఇంజినీరు బహ్‌జత్ చెబితే టైపు చేసింది. మాస్టారు దర్జీలతో, ఆడపిల్లల బడివాళ్లతో, రొట్టెలు మోసేవాళ్లతో నాలుగు వందల సంతకాలు చేయించి తెచ్చాక, "ఆ వీధిలో సైకిళ్లు మరీ ఎక్కువై రద్దీ పెరిగింది" అని చెబితే అదీ టైపు చేసింది. రెండూ ఒకే నెలలో. సిగ్గుతో చచ్చిపోయేది గానీ ఉద్యోగం మానలేదు.

ఈ ఏడు బహ్‌జత్ ఇంకో కాగితం కూడా టైపు చేయించి సొరుగులో పెట్టుకున్నాడు. కాలవ వీధిలో రొట్టెల సైకిళ్లు తిరగరాదని దాని సారాంశం. "ఒక్క ప్రమాదం జరగనీ, ఆ రోజే సంతకం పెడతా," అన్నాడు.

ఇంతలో మాస్టారి పోరు పడలేక పైనుంచి అయిదుగురు అధికారుల కమిటీ తనిఖీకి వచ్చింది. మంగళవారం ఉదయం పది గంటలకు మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, టై కట్టుకుని సైకిలెక్కాడు. కమిటీ, పక్కన బహ్‌జత్, రోడ్డు నడిమధ్య ఫొటోకి నిలబడ్డారు. కాగితాల కట్ట పట్టుకుని సౌసన్ ఓ వార నిలబడింది. మాస్టారు వాళ్ల చుట్టూ తిరుగుతూ, "చూశారా, ఒక్క మీటరున్నర. నలభై ఆరేళ్లుగా..." అని మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే ఎదురు దిక్కున రొట్టెల సైకిలు మీద అతీయా వచ్చాడు. రావలసిన దిక్కున కార్లు నిలబెట్టి ఉంటే పాపం ఎటు వస్తాడు? నలభై ఏళ్లవాడు, ఇంట్లో అయిదు నోళ్లు. నెత్తిన ఈత కమ్మల తడిక, దాని మీద రెండు వందల రొట్టెలు, ఒక చెయ్యి తడిక మీద, ఒక చెయ్యి సైకిలు మీద. రొట్టెలు మోసేవాడు గభాలున బ్రేకు వెయ్యలేడు, వేస్తే రొట్టెలు మాత్రం ముందుకు పోతాయి. అందుకని 'స్‌స్‌స్' అంటాడు. ఆ వీధిలో నడిచేవాళ్లు ఆ చప్పుడు వింటే వెనక్కి చూడకుండానే పక్కకి జరుగుతారు. కమిటీవాళ్లు పుట్టాక ఎప్పుడూ నడిచినట్టు లేదు. ఆరుగురూ తమ కార్ల టైర్ల వైపు చూశారు, గాలి పోతోందేమోనని.

అతీయా హ్యాండిలు తిప్పాడు. పోయి మాస్టార్ని గుద్దాడు.

రెండు వందల రొట్టెలు రోడ్డంతా పరుచుకున్నాయి. రొట్టె తొక్కడం ఎంత పాపమో అక్కడ వేరే చెప్పాలా? వీధి వీధంతా ఆగిపోయింది. అందరూ వంగి ఒక్కో రొట్టే తీసి, ముద్దు పెట్టుకుని, నుదుటికి ఆనించుకుని గోడ మీద పేర్చడం మొదలుపెట్టారు. బహ్‌జత్ కూడా చతికిలబడి పదకొండు ఏరాడు. మాస్టారు సైకిలు కిందే ఉన్నాడు. ఒక పెద్దావిడ వచ్చి, "కాస్త ఒత్తిగిలండి మాస్టారూ, మీ కింద రెండున్నాయి," అంది.

పోలీసు అధికారి వచ్చి అందరినీ సౌసన్ గదికి తీసుకుపోయాడు. రాయడానికి బల్ల అక్కడే ఉంది మరి.

"ఎందుకు గుద్దావురా?"

"ఏడుగురున్నారు బాబూ. ఆరుగురు ఆఫీసర్లు. తెలిసినాయన ఈయనొక్కడే. అందుకని ఈయన్ని గుద్దాను."

కమిటీ అధ్యక్షుడికి ఈ జవాబులో తప్పేమీ కనిపించలేదు. బహ్‌జత్ మాత్రం సొరుగులోని కాగితం తెచ్చి బల్ల మీద పరిచాడు. "రాయి సౌసన్. ఎదురు దిక్కున వచ్చిన రొట్టెల సైకిలు పెద్దమనిషిని పడగొట్టింది. సైకిలు జప్తు. మిగతావాటికి రేపటి నుంచి నిషేధం."

అతీయా తడికలో విరిగిన రెండు కమ్మలు చూసుకుంటున్నాడు.

మాస్టారు మోచేతికి చేతిరుమాలు కట్టుకుంటూ తలెత్తాడు. "అతను నన్ను గుద్దలేదు. నేనే వెళ్లి అతని మీద పడ్డాను."

"మీరా? ఎలా పడతారు?" అన్నాడు పోలీసు అధికారి.

"నాకు సైకిలు తొక్కడం రాదు."

బహ్‌జత్ మొహం వికసించింది. "ఏమన్నారు? ఇంకోసారి చెప్పండి."

"రాదన్నాను. ఎప్పుడూ రాలేదు. రాయమ్మా సౌసన్."

"తొక్కడం రానివాడు ఏడేళ్లుగా సైకిళ్లకి దారి అడుగుతున్నాడా? ఆ ఫైలు ఇవాళే మూసెయ్ సౌసన్."

"మూసెయ్యండి. తప్పు నాదైనప్పుడు ఈ రెండో కాగితం ఎందుకు మరి?"

అధ్యక్షుడికి భోజనం వేళయింది. "అవును, రొట్టెలవాడి తప్పు లేనప్పుడు అదెందుకయ్యా? తీసెయ్," అన్నాడు. బహ్‌జత్ తీసి జేబులో కుక్కుకున్నాడు.

సౌసన్ వేళ్లు మీటల మీద ఆగిపోయాయి. తల వంచి, ఆయనకి మాత్రమే వినబడేలా అంది. "నలభై ఆరేళ్లు మాస్టారూ. ఒక్కసారైనా పడలేదు కదా మీరు."

"ముప్ఫై ఎనిమిదిసార్లు పడ్డానమ్మా. ఈ ఎడమ మోకాలి చిప్ప అసలు నాది కాదు, డాక్టర్లు పెట్టింది."

"మరి ఇన్నేళ్లూ ఆ కోతలేమిటి?"

"పడ్డానని చెబితే ఈ పేటలో ఏ తల్లి కూతుర్ని సైకిలెక్కనిస్తుంది? మీ అమ్మాయి మైసాని నువ్వు ఎక్కనిచ్చేదానివా?"

ఎక్కనిచ్చేది కాదు. ఇంత ముసలాయనే పడకపోతే పిల్ల ఏం పడుతుందిలే అనుకునే రెండేళ్ల కిందట బడికి సైకిలు మీద పంపింది. ఆమెకు ఒళ్లు మండిపోయింది. తనను మోసం చేసినందుకు క్షణంసేపు ఆయన మీద, ఆ తర్వాత ఆ గదిలో ఉన్న తక్కిన పెద్దమనుషులందరి మీద. 'నాకు సైకిలు తొక్కడం రాదు' అని కళ్లు చెమర్చుతుండగా టైపు చేసింది. మాస్టారు కళ్లద్దాలు సర్దుకుని అక్షరం అక్షరం చదివి సంతకం పెట్టాడు.

మాస్టారికి నకలు కాగితం ఇవ్వడానికి ఆమె కిందికి దిగేసరికి గేటు బయట పన్నెండు మంది రొట్టెలు మోసేవాళ్లు సైకిళ్లతో నిలబడి ఉన్నారు. కబురు అప్పుడే పాకిపోయినట్టుంది. అతీయా మాస్టార్ని సైకిలెక్కించి, వెనక సీటు గట్టిగా పట్టుకున్నాడు.

"ముందుకు చూడండి మాస్టారూ. కిందికి చూడకండి."

"హ్యాండిలు మీద అంత బిగపట్టకూడదు మాస్టారూ," అన్నాడు ఇంకొకడు.

"నాకు చెబుతున్నావురా నువ్వు?" అని పళ్లు కొరికి, గేటు దగ్గర నిలబడ్డ పోలీసు అధికారిని చూసి మాస్టారు చప్పున హ్యాండిలు అటూ ఇటూ ఊపాడు. తూలుతూ, కాలు నేలకి ఆనిస్తూ, పసివాడిలా బయలుదేరాడు. పన్నెండు మందీ రెండు పక్కలా కాపుగా కదిలారు. కాలవ వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా సైకిళ్లతో నిండిపోయింది. వెనక బహ్‌జత్ కారు గోల పెడుతోంది.

పోలీసు అధికారి చెయ్యెత్తి కార్లన్నీ ఆపేశాడు. "ఆగండయ్యా. ఆయనకి తొక్కడం రాదు, నా దగ్గర సంతకం కూడా ఉంది," అన్నాడు. తర్వాత మాస్టారి వైపు తిరిగి, "నేర్చుకోవడానికి ఎన్నాళ్లు పడుతుందండీ?" అని అడిగాడు.

"నాది మొద్దు బుర్ర బాబూ," అన్నాడు షెహాతా మాస్టారు. "ఏళ్లు పడుతుంది. రోజూ ఇదే వేళకి వస్తాను."