పోగు అతికే వేలు

మా ఇంట్లో పుట్టినవాళ్లకు ఒక అలవాటు ఉంది. మగ్గం మీద పోగు తెగితే వేలు నాలుకకు తాకించి, ఆ తడితో రెండు కొనలూ కలిపి మెలిపెడతాం. గద్వాల నేతవాళ్లకు అది ఒకరు నేర్పేది కాదు. మా అన్నను మింగింది ఆ అలవాటే.

యుద్ధం రోజుల్లో నూలుకు కరువొచ్చింది. అన్న మగ్గం దిగి దవాఖానలో పరీక్ష గది పనికి కుదిరాడు. చుట్టుపక్కల గట్టు, వడ్డేపల్లి లాంటి ఊళ్ల నుంచి దగ్గుతూ వచ్చినవాళ్ల తెమడను గాజు పలకల మీద పూసి, రంగు వేసి డాక్టరుకు అందించాలి. పలకలు ఒకదానికొకటి అతుక్కుని ఉండేవట. విడదీయబోతే తెమడ అంటిన వేలే నాలుక మీదికి పోయేది. డాక్టరు చూసినప్పుడల్లా తిట్టేవాడు. తిట్టడానికి నోరుంది గానీ, చేతికో తొడుగు ఇవ్వాలని అక్కడ ఎవరికీ తోచలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

"ఏం జేయాలె చెల్లె, చెయ్యి నా మాట ఇంటలేదు" అని అన్న నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. మా ఇంట్లో ఎవరి చెయ్యి మాత్రం వింటుంది గనుక.

చలికాలంలో అన్నకు దగ్గు పట్టుకుంది. అమ్మ మిరియాల కషాయం కాచింది, దిష్టి తీసింది. తగ్గలేదు. చివరికి అన్న తన తెమడనే పలక మీద పూసి, ఎవరిదో చెప్పకుండా డాక్టరు ముందు పెట్టాడు.

"క్షయ. ఈ మనిషిని ఇంట్లోవాళ్లకు దూరంగా ఉండమను" అన్నాడట డాక్టరు.

అన్న ఇంటికొచ్చి తన కంచం, చెంబు తీసుకుని మగ్గం పాకలోకి మారాడు. అప్పట్లో ఆ రోగానికి మందు లేదు. ఆ సంగతి మా అందరికీ తెలుసు.

పాకలో సగం నేసిన చీర ఒకటి ఉంది. ఓపిక ఉన్నంతసేపు అన్న దాని ముందు కూర్చునేవాడు. ఒకనాడు అన్నం తీసుకుపోయి గడప దగ్గర నిలబడ్డాను. పోగు తెగింది. వేలు నోటిదాకా పోయి ఆగిపోయింది.

"చెల్లె, జర గిన్నెల నీళ్లు తెచ్చి ఆడ పెట్టు. ఈ చీర ఎవరింటికి పోతదో తెల్వదు."

నీళ్లు తెచ్చి గడపలో పెట్టాను. అన్న అందులో వేలు ముంచి పోగు అతికాడు. చెయ్యి ఇప్పుడు మాట వింటోంది. పెరట్లోకి పోయి, అమ్మకు వినబడకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.