పాత డిస్కుకే పెద్దరికం

కడపలో పెళ్లిపత్రికలు అచ్చేసే శ్రీనివాసులుది వింత మొండితనం. 2004లో అంగట్లో కంప్యూటర్‌కు రెండో హార్డ్‌డిస్కు తగిలించమని నన్ను పిలిచాడు. పాతది నాలుగు జీబీ, కొత్తది ఎనభై. ఒకే కేబుల్‌కు రెండు తగిలిస్తే ఒకటి మాస్టర్‌గా ముందు, రెండోది స్లేవ్‌గా దాని వెనక ఉండాలి. డిస్కు వెనక పిన్నుల మీద జంపర్ అని చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, దాన్ని అటో ఇటో మారిస్తే సరి. కొత్తదాన్ని మాస్టర్ చేసి, విండోస్ దాంట్లోకే ఎక్కిద్దామన్నాను.

"ఏది ముందొచ్చింది?" అన్నాడు.

"పాతదే."

"అయితే అదే పెద్దది. దాన్నే ముందు పెట్టప్పా."

"అది ముసల్దైపోయిందన్నా. గొణుగుతాండాది."

"గొణగనీ. ముందొచ్చినోళ్లు ముందుండాల."

నాకు ఒళ్లు మండింది. ఇనుప ముక్కలకు వావివరసలేమిటి? అయినా అంగడి ఆయనది. చెప్పినట్టే పెట్టాను.

ఆయనది అన్నానే గానీ, గల్లాపెట్టె దగ్గర కూర్చునేది వాళ్లన్న నారాయణ. పేపరు చదవడం, వక్కాకు నమలడం ఆయన పనులు. పత్రిక కూర్చేది, తప్పులు దిద్దేది, మిషను తిప్పేది, పెళ్లివాళ్ల చేత తిట్లు తినేది శ్రీనివాసులు. ముప్పయ్యేళ్లుగా ఇదే వరస. బోర్డు మీద అన్న పేరే. అన్న ఊరికి పోయిన రోజు కూడా శ్రీనివాసులు ఆ కుర్చీలో కూర్చోడు, పక్కన నిలబడి గల్లా తెరుస్తాడు.

మరుసటి మాఘంలో పాత డిస్కు చచ్చింది. అంగడి నిండా పెళ్లివాళ్లు. ఈసారి నేనెవరినీ అడగలేదు. పాతదాన్ని పీకి పక్కన పడేసి, కొత్తదాని జంపర్ మార్చి, విండోస్ ఎక్కించాను. పత్రికలన్నీ కొత్తదాంట్లోనే దాచి ఉన్నాయి కాబట్టి ఒక్కటీ పోలేదు. మధ్యాహ్నానికి కంప్యూటర్ మునుపటికంటే చురుగ్గా తెరుచుకుంది.

శ్రీనివాసులు ఆ తెరను చూస్తూ నిలబడిపోయాడు. సంతోషిస్తాడనుకున్నాను. ముఖం చూస్తే జాలేసింది.

నారాయణ పేపరు దించాడు. "శానా తొందరగా తెరుచుకుంటాండాదే. ఈ పని ముందే చేసుంటే బాగుండు కదా."

"కొత్తది ముందుండొచ్చంటే, ముప్పయ్యేండ్లు నేనెందుకు ఎనకుండాను అన్నా?" అన్నాడు శ్రీనివాసులు. గొంతు మామూలుగానే ఉంది.

నారాయణ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"నువ్వెప్పుడూ అడగల్యా కద సీనా."

శ్రీనివాసులు మిషను దగ్గరికి పోయాడు. పెళ్లివాళ్లు ఎదురుచూస్తున్నారు.