బయటి సంబంధం

అంగన్‌వాడీలో ఇరవై రెండేళ్లు పనిచేశాను. గోదావరిఖనిలో మా కాలనీలో కడుపుతో ఉన్న ప్రతి ఆడపిల్లకూ నేను చెప్పిన మొదటి మాట ఒకటే: "డాక్టరు కాడ ఏదీ దాయొద్దు బిడ్డా." నాకు నోరు పెద్దది. చెప్పినా వినని వాళ్లను నలుగురిలో నిలబెట్టి తిట్టాను కూడా. అటువంటి నేను, నా మనవరాలి ప్రాణం మీదికి వచ్చినప్పుడు హైదరాబాద్ దవాఖానలో డాక్టరమ్మ ముందు కూర్చుని, నదురూ బెదురూ లేకుండా అబద్ధమాడాను.

మా కోడలికి తొలికాన్పులో ఆడపిల్ల పుట్టింది. మొదటి రోజే నాకు అనుమానం వచ్చింది. ఎంతమంది పసిపిల్లల్ని తూకం వేసిన చేతులివి! ఎత్తుకుంటే పాప తడిగుడ్డలా చేతిలో వాలిపోయేది. పాలు పీల్చే ఓపిక లేదు. నుదురు ఎత్తుగా ఉంది, మాడు వెడల్పుగా, మెత్తగా ఉంది. గిన్నె కిందపడ్డా ఉలికిపడేది కాదు. నెల తిరగకముందే మూర్ఛలు మొదలయ్యాయి, కామెర్లు తగ్గలేదు. ఇక్కడి బొగ్గుబాయి కంపెనీ దవాఖాన వాళ్లు హైదరాబాద్‌కు రాసిచ్చారు.

డాక్టరమ్మ పాపను చాలాసేపు చూసి, కొడుకు వైపు తిరిగి, "మేనరికమా?" అని అడిగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, వాడు నోరు తెరవకముందే నేను అందుకున్నాను.

"కాదు మేడం. బయటి సంబంధం."

నిజానికి మా కోడలు మా ఆయన సొంత చెల్లెలి కూతురు. అందులో దాచవలసింది ఏముందని మీరడగవచ్చు. బొగ్గుబాయి ఊళ్ల వాళ్లకైతే చెప్పనక్కర్లేదు, మిగతావాళ్లకు చెప్పాలి. మా ఆయన బాయిలో చేరింది మారుపేరుతో. వాళ్ల పక్కఊరి మనిషికి ఉద్యోగం వచ్చింది. అతను ఒక్కరోజు కిందికి దిగి, ఆ చీకటికి జడిసి మళ్లీ కనబడలేదు. అతని కాగితం పట్టుకుని మా ఆయన దిగాడు. అప్పట్లో అట్లా చాలామంది చేరారు. పేరు అతనిది, తండ్రిపేరు అతనిది, ఊరూ అతనిదే. చెమట మాత్రం మా ఆయనది. చివరికి ఊపిరితిత్తులు చెడి మా ఆయన ఉద్యోగం దిగిపోతే, ఆ పేరుకు కొడుకుగానే మావాడికి ఉద్యోగం ఇచ్చారు. కాగితాల ప్రకారం మా ఆయనకు చెల్లెలే లేదు. లేని చెల్లెలికి కూతురు ఎక్కడినుంచి వస్తుంది? డాక్టరమ్మ రాసిందల్లా కంపెనీ ఫైలులో చేరుతుందని, ఎవడో చదువుతాడని, మావాడి ఉద్యోగం ఊడుతుందని నా భయం.

నా మాట నమ్మి ఆమె వేరే దారుల్లో వెతికింది. కడుపులో ఉండగా ఏదైనా జబ్బు సోకిందేమో, కాన్పులో ఊపిరి అందలేదేమో అని ఏవేవో పరీక్షలు చేయించింది. ఎందుకైనా మంచిదని పాప రక్తం కొంచెం దాచిపెడతామంటే మావాడు సంతకం చేశాడు. ఐదో నెలలో పాప పోయింది.

కాలనీలో తలా ఒక మాట అన్నారు. కోడలు గ్రహణం నాడు బయట తిరిగిందన్నారు, ఆ పిల్ల కడుపే మంచిది కాదన్నారు. కోడలు వింటూ తల వంచుకునేది. నేనూ విని ఊరుకున్నాను. నాలాంటి నోరు ఊరుకుందంటే లోపల ఏదో ఉందని ఒక్కరికీ తోచలేదు. ఆ రోజుల్లో నన్ను చూస్తే నాకే అసహ్యం వేసేది.

రెండేళ్లకు కోడలు మళ్లీ నీళ్లు పోసుకుంది. రెండో నెలలోనే పొద్దుటి రైలెక్కి ముగ్గురం అదే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. "మొదటి బిడ్డకు ఏం జబ్బో తెలియకుండా ఈ బిడ్డకు ఏ పరీక్ష చెయ్యమంటారు?" అని ఆమె చేతులెత్తేసింది. కోడలు నా మోచెయ్యి పట్టుకుంది.

"అత్తా, మళ్ల గట్లనే అయితే నేను బతుక."

దానితో నా భయం ఎటు పోయిందో పోయింది. "మేడం, నేను అబద్ధం చెప్పిన. గీ పిల్ల మా ఆయన సొంత చెల్లె బిడ్డ," అన్నాను. మారుపేరు కథంతా కక్కేశాను. మావాడు "అమ్మా, ఏం జేస్తున్నవే!" అని నా చెయ్యి గుంజాడు.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "మీ ఆయన ఏ పేరుతో బాయిలోకి దిగాడో నాకెందుకమ్మా? ఎవరి రక్తం ఎవరిదో తెలిస్తే నాకు చాలు. ఇక్కడి కాగితం నేను మీ కంపెనీకి పంపను," అంది. అంతే. ఆ ఒక్క ముక్క మొదటిరోజే అడిగే తెలివి నాకు లేకపోయింది.

మేనరికమని తేలాక, దాచిన రక్తం ఈసారి జన్యుపరీక్షకు పోయింది. ఫలితం వచ్చాక మా ఆయనను కూడా వెంటబెట్టుకుని వెళ్లాం. ప్రతి కణంలోనూ పెరాక్సిజోములని కంటికి కనబడని సంచులుంటాయట. కొన్ని రకాల కొవ్వుల్ని విరగ్గొట్టే పని వాటిది. మా పాపకు ఆ సంచులే సరిగా తయారు కాలేదు. విరగని కొవ్వు పేరుకుపోయి మెదడు, కాలేయం చెడిపోయాయి.

మా ఆయన గడ్డం గోక్కుంటూ విన్నాడు. "అంటే మేడం, బొగ్గు కొడుతనే ఉన్నరు గని, మొయ్యనీకి టబ్బు బండ్లు లెవ్వు. బొగ్గంత ఆడ్నే నిండి తొవ్వ మూసుకపోయింది. గంతేనా?"

"అంతే పెద్దాయనా, నాకంటే బాగా చెప్పారు," అంది ఆమె.

కోడలు మాత్రం ఒకటే అడిగింది. "గ్రహణంతోటి కాదా మేడం?"

"కాదమ్మా. ఆ సంచుల్ని తయారుచేసే జన్యువులో ఒక తప్పు మీ ఇద్దరి దగ్గరా ఉంది. ఒక్కటుంటే ఏమీ కాదు. బిడ్డకు రెండువైపుల నుంచీ తప్పుదే వస్తే ఈ జబ్బు వస్తుంది. ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు భయం ఉంటుంది. నువ్వు చేసిందేమీ లేదు."

కోడలు వెక్కివెక్కి ఏడ్చింది. నేను ఏడవడానికి కూడా మొహం చెల్లక, ముందే నిజం చెబితే పాప దక్కేదా అని అడిగాను. ఈ జబ్బును నయం చేసే మందు లేదని, దక్కేది కాదని చెప్పింది. నా గుండె మీది బండ సగం దిగింది. కానీ ఆ పిల్ల రెండేళ్లు మోసిన నింద మాత్రం నాదే.

నాలుగో నెలలో ఉమ్మనీరు తీసి పరీక్షకు పంపారు. మూడు వారాలు ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడుకోలేదు. ఒకరోజు అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు పంచుతుంటే కొడుకు ఫోన్ చేశాడు.

"అమ్మా, ఫికర్ లేదే. మా ఇద్దరి లెక్కనే బిడ్డకు ఒక్క తప్పే ఉన్నదట. రోగం రాదట."

అక్కడే చాప మీద కూలబడి బావురుమన్నాను. పిల్లలు తినడం మానేసి నన్నే చూశారు. ఆ సాయంత్రమే తల్లులందరినీ పిలిచాను. "మా పాపది గ్రహణం కాదు. రక్తం. అండ్ల సగం మా ఇంటి రక్తమే. ఇగ నా కోడలిని ఎవరన్న ఒక్క మాటంటే నాతోటి పెట్టుకున్నట్టే," అన్నాను. రెండేళ్ల తర్వాత నా నోరు నాకు తిరిగొచ్చింది.

వానాకాలంలో మగపిల్లవాడు పుట్టాడు. వాడి ఏడుపుకు వార్డంతా లేచింది. ఇంటికి తెచ్చాక వాడి పక్కన స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టాను. ఉలిక్కిపడి గుక్కపట్టాడు. కోడలు నన్ను తిట్టింది. ఎంత హాయిగా ఉందో ఆ తిట్టు!

ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేశాం. పేరు కోడలే పెట్టింది, ఎవరికీ ముందు చెప్పలేదు. మా ఆయన అసలు పేరు. ముప్పై ఎనిమిదేళ్లుగా మా ఇంట్లో వినబడని పేరది. కాలనీ అంతా ఆయనను కాగితం పేరుతోనే పిలుస్తుంది, చెల్లెలు 'అన్నా' అంటుంది, నేనెట్లాగూ పేరుపెట్టి పిలవను. చెవిలో చెప్పవలసిన పేరును కోడలు తొట్టెల మీదికి వంగి అందరికీ వినబడేలా మూడుసార్లు పిలిచింది.

వాకిట్లో చుట్టాలతో మాట్లాడుతున్న మా ఆయన, "ఆఁ, వస్తున్న," అంటూ లేచాడు. లోపలికి వచ్చి తొట్టెల పక్కన నిలబడ్డాక గానీ, పిలిచింది తనను కాదని ఆయనకు తెలియలేదు.