గాలొస్తే ఏంటి?

వెంకటకృష్ణారావు రైతుల్ని గాలి పేరు చెప్పి బెదరగొట్టి, మామిడితోటల ధర దించుతాడని తిరువూరులో చెప్పుకుంటారు. తోటలు పూత మీదే కొనే వ్యాపారి ఆయన. కాయ కోతకొచ్చేలోపు గాలివాన రావచ్చు కనక, ఎవరేం మాట్లాడినా ముందు ఆయన నోట వచ్చేది ఒకటే ప్రశ్న.

"రెండు నిమిషాల్లో దోసె వస్తుందండి," అంటాడు హోటలు సర్వరు.

"గాలొస్తే?"

"ఫ్యాను కట్టేస్తామండి."

తాళి కట్టబోతూ పురోహితుణ్ణి కూడా అడిగాడంటారు. ఆయన భార్య మహాలక్ష్మి ఔననదు, కాదనదు.

తమ్ముడి కూతురు కన్యక లా కాలేజీలో చదువుతోంది. కంపెనీలకు పనిచేసే లాయరు కావాలని ఆశ. వచ్చే సెమిస్టరుకు ఒక ఆప్షనల్ పేపరు ఆ సాయంత్రంలోగా ఎంచుకోవాలి. పెదనాన్న దుకాణంలో కూర్చుని ఫోను చూసుకుంటోంది.

"ఏం పేపరమ్మా?"

"విలీనాలు, పెదనాన్నా. రెండు కంపెనీలు ఒకటవడం."

"ఒకటయ్యాక గాలొస్తే?"

"అది ఒప్పందంలో ముందే రాసుకుంటారు."

"ఆ రాయడం ఎవరు నేర్పుతారు?"

కన్యక తల దించుకుంది. "దానికి వేరే పేపరుంది. అందులో క్లాసు రెండు పక్షాలై ఎదురెదురుగా కూర్చుని బేరమాడాలి. నలుగురిలో నాకు నోరు పెగలదు."

ఆయన ఏదో అనబోయేలోగా రెడ్డిగూడెం నుంచి రావమ్మ వచ్చింది. భర్త పోయాక చిన్న తోటను తనే చూసుకుంటోంది. ధర మీద ఇద్దరికీ మాట కుదిరింది.

"మరి గాలొస్తే?" అన్నాడు పెదనాన్న.

రావమ్మ నేలచూపులు చూసింది. "మీరెట్లంటే అట్లానండి."

"నేననేది కాదు. నువ్వు చెప్పు. చెప్పేదాకా బయానా ఇవ్వను."

దుకాణంలో అందరూ వాళ్లవైపే చూస్తున్నారు. ఆ చూపులు కన్యకకే గుచ్చుకున్నాయి.

"రాలిన దాంట్లో సగం... మీరు భరించాలండి."

"వినపడలేదు."

"సగం నష్టం మీదండి." ఈసారి గుమ్మం దాకా వినపడింది.

"అదీ. ఇప్పుడు నలుగురూ విన్నారు," అంటూ బయానా చేతిలో పెట్టాడు.

కన్యక రావమ్మ వెంట గుమ్మం దాకా వెళ్లింది. "భయపెట్టాడా అత్తా?"

"భయమే. నాలుగేళ్లుగా ఇదే భయం," నవ్వింది రావమ్మ. "మిగతా షావుకార్లు ఆ మాటే ఎత్తరమ్మా. గాలొచ్చాక మాత్రం ఇస్తానన్న దాంట్లో కోసేస్తారు."

కన్యక లోపలికొచ్చి విలీనాలు వదిలేసి, బేరమాడే పేపరు ఎంచుకుంది.

"అదెంచుకున్నావా? క్లాసులో నోరు పెగలకపోతే?" అంది గల్లాపెట్టె దగ్గర్నుంచి అంతా వింటున్న మహాలక్ష్మి.

"వినపడలేదంటారు పెద్దమ్మా. మళ్లీ చెప్తాను."

ఊళ్లోవాళ్లు గమనించని సంగతి ఒకటుంది. ధర కుదిరాక అడిగే ఆ ప్రశ్నకు రైతు నోరు తెరిచి ఎంత చెబితే, అంత నష్టం అడిగినాయన మీదే.