కాళ్ళు నాకందేవి... బండి అన్నయ్యకొచ్చింది

మా చిన్నప్పుడు... అంటే నేను పదో తరగతి పరీక్షలు రాసేసిన వేసవిలో... గుడివాడలో ఒక షోరూంలో మా నాన్న పంచె ఎగ్గట్టి, కొత్త మోటార్ సైకిల్ ముందు గొంతుక్కూర్చున్నారు. మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య సందులో వేళ్ళు పెట్టి చూశారు. దూరలేదు. "ఇది మనకు పనికిరాదురా శ్రీనూ" అంటూ లేచారు.

శ్రీను మా అన్నయ్య. కోడూరు దగ్గర మా ఊరి నుంచి అవనిగడ్డ కాలేజీకి వెళ్ళిరావడానికి వాడికి బండి కొంటున్నారు. వాడి బండికి నేనెందుకు వెళ్ళానంటే... ఏడ్చి వెళ్ళాను. పామర్రులో బస్సు మారి, దారిలో కొన్న బత్తాయిల సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఎండలో మాడుతూ మరీ వెళ్ళాను.

వాడి కన్నంతా ఎర్ర టాంకు ఉన్న ఆ మొదటి బండి మీదే. మడ్‌గార్డు టైరుకి అంటుకుపోయినట్టుండేది, చూడ్డానికి భలే ఉండేది. నాన్న మాత్రం సేల్స్ అబ్బాయితో, "బాబూ, వానాకాలం మా డొంక దారిలో బంకమట్టి ఎలా ఉంటుందో నీకు తెలీదు. ఈ సందులో ఒక్కసారి పట్టేసిందంటే చక్రం తిరగదు. ఇంక బండి మమ్మల్ని తేవడం కాదు, మేమే బండిని మోసుకురావాలి" అన్నారు.

ఆ అబ్బాయి నవ్వి, "సందు ఎక్కువున్నది ఇటుందండీ" అని ఒక నల్ల బండి చూపించాడు.

అబ్బ... ఆ నల్ల బండి. ఎత్తుగా, ఠీవిగా నిలబడి ఉంది. నాన్న వేళ్ళు హాయిగా దూరాయి. అన్నయ్య ఎక్కాడు. ఎక్కితే ఏముంది... కాళ్ళు గాల్లో. ఓ పక్కకి ఒరిగితే బొటనవేలు మాత్రం ఆనింది. మావాడు పొట్టి. ఆ ఏడు నేను వాడికంటే బెత్తెడు పొడుగు. ఇంట్లో అందరూ నన్ను తాడిచెట్టు అనేవాళ్ళు.

"కొత్తగా నేర్చుకునేవాడికి రెండు కాళ్ళూ నేలకి ఆనాలిరా. కాలవ గట్టు మీద బస్సు ఎదురొస్తే ఎలా ఆపుతావు? కాలు ఆనకపోతే కాలవలోకే" అన్నారు నాన్న.

నాకైతే ఆనుతాయి అనిపించింది. అనిపించడమేమిటి, తెలుసు. "నేనెక్కి చూడనా నాన్నా?" అన్నాను.

నాన్న కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది... నవ్వారు. "నీకెందుకమ్మా, అన్నయ్య వెనకాల కూర్చోబెట్టుకుని తిప్పుతాడులే" అన్నారు. సేల్స్ అబ్బాయీ నవ్వాడు. అన్నయ్య సంగతి చెప్పక్కర్లేదు, పళ్ళన్నీ బయటే. నేను సంచీ పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను.

తర్వాత వాడు ఎన్ని బండ్లు ఎక్కి దిగాడో... ఎక్కినప్పుడల్లా నా కడుపు మండిపోయింది. కుళ్ళు అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. చివరికి ఎత్తు తక్కువా, సందు ఎక్కువా ఉన్న నీలం బండి కుదిరింది.

ఇంటికొచ్చాక చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి... బండికి పసుపూ బొట్టూ ఎవరు పెట్టారనుకున్నారు? నేనే. ఆడపిల్ల చేత్తో పెడితే మంచిదట. ఆ పనికి మాత్రం నేను కావలసి వచ్చాను.

ఆ వానాకాలమంతా వాడు కాలవలో పడాలని వినాయకుడికి మొక్కుకున్నాను. దెబ్బలేమీ తగలక్కర్లేదు, పుస్తకాలూ బట్టలూ తడిస్తే చాలు. కానీ నాన్న అంత చూసి కొన్న బండి ఎందుకు పడుతుంది? ఊళ్ళో మిగతావాళ్ళు డొంకలో దిగి పుల్లలతో టైర్ల మట్టి గీక్కుంటుంటే మావాడు దర్జాగా దాటిపోయేవాడు. వెనకాల ఓ పక్కకి కూర్చుని, ఓణీ చక్రంలో పడకుండా చుట్టుకుంటూ నేను. ఆ చవితికి ఉండ్రాళ్ళు చెయ్యనని అమ్మతో పెద్ద గొడవే పెట్టుకున్నాను.

ఇన్నేళ్ళ తర్వాత మొన్న... మా అమ్మాయి హారికకి గుడివాడలో ఉద్యోగం వచ్చింది. మేముండేది పామర్రులో. రోజూ వెళ్ళిరావడానికి స్కూటీ వద్దు, బైకే కావాలంది. నాన్న పోయాక ఇలాంటివాటికి అన్నయ్యే పెద్ద దిక్కు కాబట్టి వాణ్ణి కూడా రమ్మన్నాను.

షోరూంలో ఒక అమ్మాయి హారికతో, "ఎక్కి చూడండి మేడమ్, కాళ్ళు అందుతున్నాయా?" అంది. ఎంత మామూలుగా అడిగిందో. నాకు గుండెలో కలుక్కుమంది. నిజం చెప్తున్నాను, సంతోషం కాదు... కుళ్ళు. కన్నకూతురి మీద కుళ్ళేమిటే అని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా తగ్గలేదు.

దానికి అందలేదు. మేనమామ పోలిక మరి. అన్నయ్య పొట్ట అడ్డొస్తున్నా ఎలాగో వంగి, మడ్‌గార్డు సందులో అచ్చం నాన్నలాగే వేళ్ళు పెట్టి చూసి, లేచి నా వంక తిరిగాడు.

"నువ్వెక్కవే. నీకందుతాయి. అప్పుడూ అందేవి" అన్నాడు.

అంటే... వాడికి తెలుసన్నమాట. ఆ రోజు నవ్వినప్పుడు కూడా తెలుసు.

ఎక్కాను. రెండు పాదాలూ నిండుగా నేలకి ఆనాయి. "అమ్మా, దిగమ్మా, కొనేది నాకు" అని హారిక అంటూనే ఉంది. దిగబుద్ధి కాలేదు.

దానికి ఎత్తు తక్కువ బండే కొన్నాం. నేను ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నాను. ఆదివారాలు పుట్టింటికెళ్ళినప్పుడు మా ఊరి కాలవ గట్టు మీద హారికే నాకు నేర్పుతోంది. డొంక ఇప్పుడు సిమెంటు రోడ్డు... బంకమట్టీ లేదు, టైరు సందులో వేళ్ళు పెట్టి చూసే నాన్నా లేరు. నేను రెండు కాళ్ళూ ఆనించి ఆపితే చూసేవాళ్ళలో ఆయన కూడా ఉంటే బాగుండేది.

వెనకాల కూర్చున్న హారిక, "ఇంక చాలమ్మా, నన్ను నడపనివ్వు" అని సణుగుతుంది... ఇవ్వను.

మీ ఇంట్లోకి మొదటి బండి ఎప్పుడొచ్చింది? నడిపినవాళ్ళు కాసేపు ఆగండి... వెనక కూర్చున్నవాళ్ళు చెప్పండి, వింటాను.